పదకొండో ప్రశ్న

కుల్సుమ్ టీ గ్లాసు అందిస్తున్నప్పుడు పద్మప్రియ ఆమె వేళ్ళు చూసింది. వేళ్ళ చివర్లు నానబెట్టిన అటుకుల్లా తెల్లగా ఉబ్బి, ముడతలు పడి ఉన్నాయి. బొటనవేలి పక్కన ముళ్ళు గుచ్చుకున్నట్టు ఎర్రటి చుక్కలు, వాటి మీద పసుపు అద్దిన మరకలు. పద్మప్రియ గ్లాసు తీసుకుని, ఒళ్ళో ఉన్న ట్యాబు వైపు తల దించుకుంది.

అందులో ఉన్నది ఆమె పనిచేసే ట్రస్టు రెన్యువల్ ఫారం. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి నింపాలి. ఏలూరు ఆఫీసు కింద డయాలసిస్ చేయించుకునేవాళ్ళున్న కుటుంబాలు అరవై. వాళ్ళకి ట్రస్టు ఇచ్చేది వారానికొక ఇంజెక్షను, ఆసుపత్రికి రానూపోనూ ఆటో ఛార్జీ. చూడ్డానికి చిన్న సాయమే. ఆ ఇంజెక్షను రెండు వారాలు ఆగితే మాత్రం మనిషికి రక్తం పడిపోయి, మంచం మీంచి లేచి గుమ్మందాకా రావడానికే ఆయాసం వస్తుంది.

దస్తగిరి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమచేతి మణికట్టు మీద సూదులు గుచ్చి గుచ్చి నరం తాడులా ఉబ్బి ఉంది. భార్య తనకి తెచ్చిన చిన్న స్టీలు కప్పులో రెండు గుక్కల టీ మాత్రమే ఉంది. రోజుకి ఎంతకి మించి నీరు తాగకూడదో డాక్టరు చెప్పిన లెక్క ఆమె కంటికి తెలుసు. ఆ గది ఒకప్పుడు తివాచీ మగ్గం ఉన్న గది. మగ్గం అమ్మేశాక గోడలకి మిగిలిన ఇనప కొక్కేలకి తీగ కట్టి బట్టలు ఆరేస్తున్నారు. ఆ తీగ మీద ఇవాళ చీరల పక్కన ఒక నీలం తలటోపీ, తెల్లటి ప్లాస్టిక్ ఆప్రాన్ వేలాడుతున్నాయి. గుమ్మం పక్కన మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు బోర్లించి ఉన్నాయి.

పద్మప్రియ చూపు బూట్ల మీద ఆగడం కుల్సుమ్ గమనించింది. "కంపెనీవాళ్ళే ఇచ్చారండీ," అంది నవ్వుతూ. "గుండుగొలను దగ్గర రొయ్యల షెడ్డు. రెండు నెలలైంది వెళ్ళబట్టి. అయిదున్నరకల్లా బస్సు సెంటర్లోకొచ్చేస్తుంది. ఇవాళ సరుకు రాలేదని ఫోన్ చేశారు, అందుకే మీకు దొరికాను."

"రోజూ వెళ్తున్నారా?"

"ఎక్కడండీ! సోమ, బుధ, శుక్రవారాలు ఈయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి కదా. మిగతా రోజుల్లో సరుకుంటే పని, లేకపోతే లేదు. రొయ్యల తలలు తీస్తే కిలోల లెక్కన డబ్బులిస్తారు. మొదట్లో ఆ మంచుకి వేళ్ళు తిమ్మిరెక్కిపోయేవి. ఇప్పుడు నాతో పాటు చేరినవాళ్ళందరి కంటే నేనే ముందు తీస్తున్నాను."

"పెళ్ళయ్యాక ఒక్కరోజు కూలికెళ్ళి ఎరగదమ్మా," అన్నాడు దస్తగిరి, కప్పులోకి చూస్తూ.

"ఇప్పుడు ఎరిగాను కదా, బాగానే ఉన్నాను," అంది కుల్సుమ్. తర్వాత పద్మప్రియ వైపు తిరిగి గొంతు కొంచెం పెంచి, "ఈ నెల కరెంటు బిల్లు నేనే కట్టానండీ. నలభయ్యారేళ్ళకి," అంది.

పద్మప్రియ నవ్వింది. నవ్వుతూనే ఫారంలో ప్రశ్నలు అడుగుతూ పోయింది. ఇల్లు సొంతమా, అద్దెదా? వారానికెన్నిసార్లు డయాలసిస్? ఇంట్లో ఫ్రిజ్ ఉందా? పది ప్రశ్నలయ్యాయి. పదకొండోది తెర మీదికొచ్చింది. కుటుంబంలో సంపాదించే వ్యక్తి ఎవరైనా ఉన్నారా? కింద రెండు డబ్బాలు. అవును, లేదు.

ఆ ప్రశ్న దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. కిందటి నెల మండవల్లిలో సుబ్బాయమ్మ అనే ముసలావిడ ఇంటి అరుగు మీద కూర్చుని పద్మప్రియ ఇదే ప్రశ్న అడిగింది. "రోజుకి రెండు చీపుర్లు కట్టి అమ్ముతాను తల్లీ," అని ఆవిడ బోసినోటితో నవ్వింది. పద్మప్రియ 'అవును' నొక్కింది. తెర ఎర్రబడి 'అర్హత లేదు' అని చూపించి ఫారం మూసుకుపోయింది. తెరిపించడానికి హెడ్డాఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా, ఒకసారి ఇచ్చిన జవాబు మార్చడానికి వీల్లేదన్నారు. ఆవిడ కొడుక్కి ఇంజెక్షను ఆగిపోయింది. మొన్న బుధవారం ఆసుపత్రి దగ్గర ఆ కొడుకుని ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి ఆటోలోంచి దింపుతుంటే పద్మప్రియ దూరంగా నిలబడి చూసింది. దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

"ఇంకేమైనా అడగాలా అండీ?" అంది కుల్సుమ్.

"లేదండీ. మిగతావి నాకు తెలిసినవే. ఆఫీసుకెళ్ళి పూర్తి చేస్తాను. మీరు ఇక్కడ సంతకం పెట్టెయ్యండి, చాలు."

తెర మీద సంతకం కోసం ఖాళీ గీత ఉంది. కుల్సుమ్ చూపుడువేలితో రాయబోతే పడలేదు. నానిపోయిన వేలిని అద్దం గుర్తుపట్టడం లేదు. ఆమె వేలు కొంగుకి తుడుచుకుని మళ్ళీ రాసింది. ఒక్క గీత పడి ఆగిపోయింది. మూడోసారి వేలిని నోటి దగ్గర పెట్టుకుని ఊది, మెల్లగా, అక్షరం వెనక అక్షరం దిద్దింది. ఏడో క్లాసుదాకా చదువుకుంది ఆమె. పేరు పూర్తయ్యాక తల పక్కకి వంచి చూసుకుని, "బాగానే వచ్చిందండీ," అంది.

ఆటో తమ్మిలేరు వంతెన మీదికొచ్చాక పద్మప్రియ ట్యాబు తీసి 'లేదు' నొక్కింది. తెర ఆకుపచ్చగా మారింది.  ఈసారైనా గెలిచాననుకుంది.

మర్నాడు ఆఫీసులో వరదానం ఆ ఫారం తెరిచి చాలాసేపు చూశాడు. ఆయన ఏలూరు ఆఫీసు బాధ్యుడు. ఈ పనిలో ఇరవయ్యారేళ్ళ నుంచీ ఉన్నాడు. అరవై కుటుంబాల్లో ఎవరింటికి ఏ సందులోంచి వెళ్ళాలో చూడకుండా చెప్పగలడు.

"దస్తగిరి గారిది పూర్తయిందా పద్మా?"

"అయింది సార్."

"వాళ్ళావిడ షెడ్డు బస్సులో వెళ్తోందని నాకెవరో చెప్పారు మొన్న."

 పద్మప్రియ చేతిలో ఉన్న పెన్ను మూత తీసి పెట్టింది, మళ్ళీ తీసింది.

వరదానం కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "నేను నిన్ను అడగడం లేదమ్మా. అడిగితే నువ్వు చెప్పాలి. చెబితే నేను రాయాలి. ఆ ప్రశ్న మార్చమని మూడేళ్ళ నుంచీ మెయిల్స్ పెడుతున్నాను. సంపాదన ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది, చాలుతోందా అని అడగండి బాబూ అని. చూస్తామంటారు. చూస్తూనే ఉన్నారు."

"మరి మనం ఏం చెయ్యాలి సార్? నిజం చెప్పిన ముసలావిడకి మందు పోయింది. ఇంట్లో ఇద్దరు కొడుకులు సంపాదిస్తున్నా వేరే కాపురాలని రాయించుకున్నవాళ్ళకి వస్తోంది. నేను ఇంటికెళ్ళి కూర్చుని, టీ తాగి, వాళ్ళ నోటితోనే వాళ్ళ పేర్లు కొట్టేయించాలా?"

"మెల్లగా," అన్నాడు వరదానం, తలుపు వైపు చూసి. "ఫారంలో రాసింది నిజమో కాదో చూడ్డానికి ఈ వారం హెడ్డాఫీసు నుంచి ఫోన్లు చేస్తారు. అరవైలో అయిదుగురికి. ఎవరికన్నది మనకి తెలీదు." ఫారం కింద తన ఆమోదం నొక్కాడు.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం వెళ్ళే పాసింజరులో నిలబడి, దెందులూరు దాటేదాకా పద్మప్రియ ఆ మాటే ఆలోచించింది. అరవైలో అయిదుగురు. తగలదులే అనుకుంది. కుల్సుమ్‌కి ఒక ఫోన్ చేసి, ఎవరైనా అడిగితే పనికి వెళ్ళడం లేదని చెప్పండి అని చెబితే? ఫోను తీసి పేరుదాకా వెళ్ళింది. అబద్ధం చెప్పమని ఆమెకి నేర్పడం తప్పనిపించింది. తన అబద్ధం తనదగ్గరే ఉంటే చాలు. ఫోను సంచిలో పడేసింది.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి డయాలసిస్ వార్డు బయట ట్రస్టు వాళ్ళ బల్ల ముందు కుల్సుమ్ నిలబడి ఉంది. బల్ల వెనక కూర్చున్న కుర్రాడు నాని పద్మప్రియని చూడగానే లేచాడు.

"మేడం, వీళ్ళ పేరు లిస్టులో కొట్టేసి ఉందండీ. నేను ఇంజెక్షను ఇవ్వకూడదంట. చూడండి," అని కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

దస్తగిరి పేరు మీద ఎర్రగీత ఉంది. పక్కన 'తప్పుడు సమాచారం. మోసం. రెండేళ్ళపాటు నిలిపివేత' అని ఉంది.

పద్మప్రియ కంప్యూటరుని మళ్ళీ నాని వైపు తిప్పేసింది. "ఇలా రండి కుల్సుమ్ గారూ," అని ఆమెని వరండా చివరికి తీసుకెళ్ళింది. అక్కడ నీళ్ళ కుళాయి దగ్గర ఎవరో క్యారేజీ కడుక్కుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగారు.

"నిన్న మధ్యాహ్నం అన్నం తింటుండగా ఫోన్ వచ్చిందండీ," అంది కుల్సుమ్. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు అప్పజెబుతోంది. "ట్రస్టు నుంచి అంటే చెయ్యి కడుక్కుని మాట్లాడాను. మీ ఇంట్లో ఎవరైనా పనికి వెళ్తున్నారా అమ్మా అన్నారు. నేనే వెళ్తున్నానండీ, ఇప్పుడు పనిలోంచే మాట్లాడుతున్నానండీ అన్నాను. సంతోషిస్తారనుకున్నాను."

పద్మప్రియ కళ్ళు మూసుకుంది.

"మరి ఫారంలో లేదని ఎందుకు చెప్పారు, సంతకం కూడా పెట్టారు కదా అన్నారు. నేనెప్పుడు చెప్పానండీ అన్నాను. ఎన్నాళ్ళ నుంచి ఇలా మోసం చేస్తున్నారు అన్నారు. పక్కన షెడ్డువాళ్ళందరూ ఉన్నారు. ఫోన్ స్పీకర్లో ఉంది, నా చేతులు తడిగా ఉన్నాయని." ఆమె ఆగింది. "మీరు నన్నా ప్రశ్న అడగలేదు కదండీ?"

"అడగలేదు."

"మరి?"

"మీకోసమేనండీ. అవును అని రాస్తే వెంటనే ఆపేస్తారు. ఇంజెక్షను పోతుందని..."

"నాకోసం అయితే నాకు చెప్పాలి కదండీ."

"చెబితే మీరేమనేవారు?"

"ఏమో. వద్దనేదాన్నేమో. సరే కానివ్వండి అనేదాన్నేమో. ఏదో ఒకటి నేను అనేదాన్ని." ఆమె సంతకం పెట్టిన వేలిని చూసుకుంది. "ఇప్పుడు మీరు ఆడిన అబద్ధం నేను ఆడినట్టయింది. సంతకం నాది."

పద్మప్రియ సంచి తెరిచింది. "ఈ వారం ఇంజెక్షను నేను కొని ఇస్తాను. బయట మందుల షాపులో..."

"వద్దండీ," అంది కుల్సుమ్. మెత్తగానే అంది, కానీ పద్మప్రియ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. "నాలుగు రోజుల కూలి ఉంది నా దగ్గర." కొంగుముడి విప్పుకుంటూ గేటు వైపు నడిచింది. పావుగంటకి చిన్న ఐసు కవరులో ఇంజెక్షను పెట్టుకుని తిరిగొచ్చి, పద్మప్రియ పక్కనుంచే వార్డులోకి వెళ్ళిపోయింది.

శనివారం పద్మప్రియ ఒక ఉత్తరం రాసింది. నాలుగు వాక్యాలు. పదకొండో ప్రశ్న నేను కుల్సుమ్ గారిని అడగలేదు. జవాబు పూర్తి చెయ్యకముందే ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను. 'లేదు' అన్నది నేను పెట్టిన జవాబు. ఆమె పేరు మీద ఉన్న మోసం అన్న మాట తొలగించవలసింది.

వరదానం దాన్ని నిలబడే చదివాడు. "ఇది ఇస్తే నీ ఉద్యోగం ఉండదు."

"తెలుసు సార్."

"ఆవిడకి ఇంజెక్షనూ రాదు. ఎందుకంటే ఇప్పుడు పనికి వెళ్తోందని వాళ్ళకి తెలుసు. ఎవరికీ లాభం లేని నిజం అమ్మా ఇది. సోమవారం హెడ్డాఫీసు ఫణికిరణ్ వస్తున్నాడు విజయవాడ నుంచి. ఆయనతో నేను మాట్లాడాను. ఆవిడ ఒక క్షమాపణ కాగితం రాసిస్తే రెండేళ్ళని మూడు నెలలకి తగ్గిస్తారట. నీ పేరు రాదు. నా పేరు రాదు. నువ్వూ నేనూ పోతే రేపొద్దున్న ఈ అరవై ఇళ్ళకీ ఎవరు తిరుగుతారు చెప్పు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెకి కోపం తెప్పించింది. ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండానే, ఎవరూ కేక వెయ్యకుండానే, తప్పు తిరిగి తిరిగి రొయ్యల తలలు తీసే మనిషి దగ్గరికే చేరుతోంది. ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది.

సోమవారం మూడు గంటలకి కుల్సుమ్ వచ్చింది. పొద్దుటే దస్తగిరిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంటికి చేర్చి, పడుకోబెట్టి వచ్చింది. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

ఫణికిరణ్‌కి ముప్ఫై దాటి ఉండవు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఫోనులో గట్టిగా మాట్లాడిన మనిషి ఇతనేనా అన్నట్టు చూసింది కుల్సుమ్.

"ఆ రోజు కొంచెం తొందరపడ్డానమ్మా, ఏమీ అనుకోకండి," అన్నాడు. "రోజుకి నలభై ఫోన్లు చెయ్యాలి. మీ పరిస్థితి నాకు తెలుసు. అందుకే పెద్దవాళ్ళతో మాట్లాడి ఇది రాయించాను. ఒక్క సంతకం పెడితే మూడు నెలల్లో మళ్ళీ మొదలవుతుంది."

కుల్సుమ్ కాగితం అందుకుని వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టింది. "నా... సంపాదన... సంగతి దాచిపెట్టి... ట్రస్టువారిని..." ఆగింది. "నేనెక్కడ దాచానండీ? వీధిలో అందరూ చూస్తుండగానే బస్సెక్కుతున్నాను."

"అది మామూలుగా రాసే మాటేనమ్మా," అన్నాడు వరదానం, ఆమె వైపు చూడకుండా.

కుల్సుమ్ కాగితం బల్ల మీద పెట్టింది కానీ వదల్లేదు. దాని అంచుని ఉబ్బిన వేళ్ళతో పట్టుకునే ఉంది. పద్మప్రియకి ఆమె ఏమాలోచిస్తోందో తెలుసు. మూడు నెలలంటే పన్నెండు ఇంజెక్షన్లు. ఆ తర్వాత ప్రతివారం కొనుక్కోనక్కర్లేదు. ఈ మాట ఒక్కటి మింగేస్తే చాలు.

పద్మప్రియ సంచిలోంచి ఉత్తరం తీసింది. ఇచ్చెయ్యడానికి చెయ్యి సగం చాపి, వెనక్కి తీసుకుని కుల్సుమ్ వైపు తిరిగింది.

"కుల్సుమ్ గారూ, నా దగ్గరొక ఉత్తరం ఉంది. ఆ ప్రశ్న మిమ్మల్ని అడగలేదని, జవాబు నేనే పెట్టానని రాశాను. ఇది ఇస్తే మోసం అన్న మాట పోతుంది. ఇంజెక్షను మాత్రం రాదు. ఆ కాగితం మీద సంతకం పెడితే మూడు నెలల తర్వాత వస్తుంది, కానీ ఆ మాట మీ పేరు మీద ఉండిపోతుంది. మీరు ఏది చెయ్యమంటే అది చేస్తాను. మీరే చెప్పండి."

"పద్మా," అన్నాడు వరదానం. ఫణికిరణ్ కుర్చీలో సర్దుకున్నాడు.

కుల్సుమ్ ఇద్దర్నీ చూసి, ఫణికిరణ్‌ని అడిగింది. "మూడు నెలల తర్వాత కూడా నేను షెడ్డుకి వెళ్తుంటే ఇస్తారా అండీ?"

"అప్పటికి మానెయ్యాలమ్మా. సంపాదన ఉంటే రూలు ఒప్పుకోదు."

"అంటే పని మానేసి కూర్చుంటే మందిస్తారు. పని చేసుకుంటానంటే ఇవ్వరు."

"అలా అని కాదండీ..." ఫణికిరణ్ వరదానం వైపు చూశాడు. వరదానం బల్ల మీదున్న పెన్నుని సరిగ్గా కాగితాల అంచుకి సమానంగా జరుపుతున్నాడు. "నాకూ తెలుసమ్మా ప్రశ్న బాగాలేదని. కానీ డబ్బిచ్చేవాళ్ళు అలాగే అడగమన్నారు."

"నేను పని మాననండీ," అంది కుల్సుమ్. కాగితం వదిలేసింది. పద్మప్రియ వైపు తిరిగి, "ఆ ఉత్తరం ఇచ్చెయ్యండి," అంది.

పద్మప్రియ ఇచ్చింది.

ఫణికిరణ్ దాన్ని రెండుసార్లు చదివాడు. వరదానం గారూ మీకిది ముందే తెలుసా అని అడిగాడు.  వరదానం తల అడ్డంగా ఊపాడు. పద్మప్రియ ఆయన మొహం చూడలేక కిటికీ వైపు చూసింది. అరగంట తర్వాత ఫణికిరణ్ కంప్యూటర్లో మోసం అన్న మాట తీసేసి 'అర్హత లేదు' అని మార్చాడు. తెర కుల్సుమ్‌కి చూపించాడు. ఆమె ముందుకు వంగి ఆ రెండు మాటలూ చదువుకుని తల ఊపింది. పద్మప్రియకి ట్యాబు, ఐడీ కార్డు అక్కడే పెట్టెయ్యమని, విచారణ అయ్యేదాకా ఆఫీసుకి రావద్దని చెప్పారు.

ఆమె మెట్లు దిగుతుంటే వెనక వరదానం వచ్చాడు. మర్చిపోయిన క్యారేజీ చేతికిచ్చాడు.  కళ్ళు తడిగా ఉన్నాయి. వెంటనే పైకి వెళ్ళిపోయాడు.

కింద రోడ్డు మీద కుల్సుమ్ ఆటో కోసం చూస్తోంది. పద్మప్రియ పక్కన నిలబడింది. ఇద్దరూ పవర్‌పేట వైపు నుంచి వచ్చే ఆటోల్నే చూశారు.

"మీ మీద కోపం పోలేదండీ నాకు," అంది కుల్సుమ్.

"పోనక్కర్లేదు."

"మీ ఉద్యోగం పోయిందని బాధగానూ ఉంది. రెండూ ఉన్నాయి."

పద్మప్రియ క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మూడేళ్ళుగా ఎన్నో ఇళ్ళకి వెళ్ళింది. ఫారాలు ఎన్నో ప్రశ్నలు అడిగించాయి. ఇప్పుడు ఫారం లేదు. "మీకు ఏం కావాలి కుల్సుమ్ గారూ?" అని అడిగింది. అడిగాక సిగ్గేసింది. చేతిలో ఏమీ లేని మనిషి అడగాల్సిన మాట కాదనిపించింది.

కుల్సుమ్ దాన్ని నిజంగానే ఆలోచించింది. నుదురు ముడిచి, వేళ్ళ మీద ఏవో రోజులు లెక్క పెట్టుకుంది. "శుక్రవారం సరుకు బాగా వస్తుందండీ. ఆ రోజు వెళ్ళగలిగితే ఇంజెక్షను దాంట్లోనే వచ్చేస్తుంది. కానీ ఆసుపత్రిలో నాలుగ్గంటలు ఈయన పక్కన మనిషి ఉండాలి. మధ్యలో కాళ్ళు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. నా బంధువులెవరూ ఖాళీగా లేరు." ఆమె ఆగి, ఆటో ఆపింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "మీరు ఖాళీగా ఉన్నారు కదండీ ఇప్పుడు?"

అందులో ఎత్తిపొడుపు ఎంతో, నిజంగా అడగడం ఎంతో పద్మప్రియకి తెలియలేదు. "ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

శుక్రవారం ఆమె తాడేపల్లిగూడెంలో నాలుగింటి బండి పట్టుకుంది. ఏలూరులో దిగి కుల్సుమ్ వాళ్ళ తంగెళ్ళమూడి చేరేసరికి సెంటర్లో షెడ్డు బస్సు ఆగి ఉంది. కుల్సుమ్ బూట్లు సంచిలో పెట్టుకుని మెట్టు మీద ఒక కాలు వేసి నిలబడి ఉంది. "ఈయనకి తొమ్మిదింటప్పుడు రెండు బిస్కెట్లు ఇవ్వండి. నీళ్ళడుగుతాడు, ఇవ్వకండి. బతిమాలతాడు, అయినా ఇవ్వకండి," అని చెప్పి ఎక్కేసింది. బస్సు కదిలాక కిటికీలోంచి ఇంకేదో గట్టిగా చెప్పింది కానీ వినపడలేదు.

వార్డులో దస్తగిరిని మంచం మీద పడుకోబెట్టి, పద్మప్రియ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గర లిస్టు చూసుకుని వెళ్ళిపోయేది. మంచం పక్క నుంచి ఆ గదిని చూడటం ఇదే మొదలు. ఆవలి వరసలో సుబ్బాయమ్మ కొడుకు కళ్ళు మూసుకుని ఉన్నాడు. సుబ్బాయమ్మ అతని పాదాలు రుద్దుతోంది. ఆవిడ పద్మప్రియని చూసి గుర్తుపట్టింది, పలకరించలేదు. కాసేపయ్యాక వాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళాలి. వెళ్ళి ఏం చెప్పాలో ఆమెకింకా తెలియదు.

నర్సు రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "అటెండెంటు మీరేనా? పేరు రాసి, పేషెంటుకి ఏమవుతారో రాయండి."

పద్మప్రియ పేరు రాసింది. రెండో గడి దగ్గర పెన్ను ఆపి దస్తగిరి వైపు వంగింది. "ఏం రాయమంటారండీ ఇక్కడ?"

దస్తగిరి సూది గుచ్చిన చెయ్యి కదపకుండా మొహం మాత్రం ఇటు తిప్పాడు. 

"తెలిసినమ్మాయి అని రాయమ్మా," అన్నాడు. "మా ఆవిడకింకా కోపంగానే ఉంది. అంతకంటే దగ్గర చుట్టరికం రాయకు."

ఆమె అలాగే రాసి రిజిస్టరు నర్సుకిచ్చింది. మెషీను తిరగడం మొదలైంది. ఎనిమిది గంటలు కాకముందే ఆయన నీళ్ళడిగాడు.